బ్యాటరీ ధర ఎంతో కారు అమ్మే రోజే రాసివ్వండి: రవాణా శాఖకు, కార్ల కంపెనీలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి, రవాణా శాఖ కమిషనర్ గారికి, వినియోగదారుల వ్యవహారాల శాఖ అధికారులకు, హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ కార్లు అమ్ముతున్న కంపెనీల యాజమాన్యాలకు,

నమస్కారం. ఎలక్ట్రిక్ వాహనాలకు ఈ రాష్ట్రం ఇచ్చిన ప్రోత్సాహంతో లాభపడ్డవాళ్లలో నేనూ ఒకణ్ని. 2021 జూన్‌లో కారు కొన్నప్పుడు రోడ్ ట్యాక్స్ కింద ఒక్క రూపాయి కట్టలేదు. ఆ కృతజ్ఞత అలాగే ఉంది. కోపం లేదని మాత్రం అనను. ముందు లెక్కలు చెబుతాను, కోపం ఎందుకొచ్చిందో అందులోనే తెలుస్తుంది.

నేను నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాను. ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. కారు ఆన్‌రోడ్ రూ.14.6 లక్షలు పడింది. ఏడేళ్ల లోన్. బ్యాటరీ సుమారు 30 యూనిట్లది. కంపెనీలు కిలోవాట్ అవర్ అని రాసేదీ, మన కరెంటు బిల్లులో కనిపించే యూనిటూ ఒకటే. నాలుగేళ్ల పైచిలుకులో 62,000 కిలోమీటర్లు తిరిగాను. పెట్రోల్ కారయితే లీటరుకి 14 కిలోమీటర్ల చొప్పున, రూ.107 లెక్కన, రూ.4.7 లక్షలు పెట్రోల్ బంకులో పోసేవాణ్ని. దీనికి యూనిట్ తొమ్మిది రూపాయలు వేసుకున్నా కరెంటు ఖర్చు రూ.80 వేలు దాటలేదు. అంటే దాదాపు నాలుగు లక్షలు మిగిలాయి. ఆఫీసులో అందరికీ ఈ లెక్క కాగితం మీద రాసి చూపించేవాణ్ని. నా మాట విని ఇద్దరు ఈవీలు, అంటే ఎలక్ట్రిక్ కార్లు, కొన్నారు కూడా. ఇప్పుడు క్యాంటీన్లో వాళ్లు ఎదురుపడితే నేనే పక్కకు తప్పుకుంటున్నాను.

2025 నవంబరులో బాచుపల్లి చౌరస్తా దగ్గర కారు ఆగిపోయింది. తెరమీద ఇంకా 34 శాతం చార్జింగ్ చూపిస్తోంది, కారు మాత్రం కదలదు. టోయింగ్ బండి మీద సర్వీస్ సెంటర్‌కి పంపాను. ఇరవై మూడు రోజుల తరువాత కబురొచ్చింది: "సార్, బ్యాటరీ ప్యాక్ మొత్తం మార్చాలి." ఎనిమిదేళ్ల వారంటీ ఉంది కదా అన్నాను. కింద బ్యాటరీ పెట్టెకి సొట్ట పడిందని, దాన్ని బయటి దెబ్బగా లెక్కేస్తారని, వారంటీ వర్తించదని చెప్పారు. ఆ సొట్ట వల్లే లోపం వచ్చిందా అని అడిగితే జవాబు లేదు. సొట్ట ఉంది, అంతే. మా కాలనీలో స్పీడ్ బ్రేకర్లు చూసినవాళ్లెవరైనా, సొట్ట లేని కారు ఉంటే నాకు చూపించాలి.

ఎస్టిమేట్ ఇది: బ్యాటరీ ప్యాక్ రూ.5,90,000. దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.1,06,200. మొత్తం రూ.6,96,200. బిగింపు కూలి విడిగా. నా ఇన్సూరెన్స్ పాలసీలో మొత్తం కారు విలువ రూ.6.9 లక్షలు. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడకూడదంటారు. ఇక్కడ అంకుశమే ఏనుగు కంటే ఖరీదు.

ఇన్సూరెన్స్ వాళ్లను అడిగితే, ప్రమాదం ఎప్పుడు జరిగిందో తేదీ చెప్పమన్నారు. చెప్పలేకపోయాను. తేదీ లేని దెబ్బ ప్రమాదం కిందికి రాదట. ఒకరేమో అది దెబ్బ కాబట్టి వారంటీ లేదంటారు, ఇంకొకరేమో అది దెబ్బ కాదు కాబట్టి క్లెయిమ్ లేదంటారు. ఈ రెండు మాటలూ ఒకే సొట్ట గురించి.

తరువాత కంపెనీకి మెయిల్ పెట్టాను. "మీ సమస్యను సంబంధిత విభాగానికి పంపించాం" అని అదే రోజు జవాబొచ్చింది. ఆ తరువాత ఇంకేమీ రాలేదు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో అర్జీ ఇచ్చి స్టాంపు వేయించుకున్నాను. నెల తరువాత వెళితే ఇది మా పరిధిలోకి రాదన్నారు. ఎవరి పరిధి అని అడిగాను. అక్కడి అధికారి మంచివాడే, కాసేపు ఆలోచించి, "నిజంగా నాకూ తెలియదండీ" అన్నారు. ఈ వ్యవహారంలో నాకు దొరికిన నిజాయితీ గల జవాబు అదొక్కటే. అందుకే ఈ లేఖ అందరి ముందూ పెడుతున్నాను.

ఒక మాట ముందే స్పష్టం చేస్తాను. ఈవీలు కొనొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. చాలా బ్యాటరీలు వారంటీ దాటి కూడా బాగానే నడుస్తాయి. ప్యాక్ మొత్తం పాడయ్యేది కొద్దిమందికే. బ్యాటరీ ధరలు కూడా ఏటా దిగుతున్నాయి. 2010లో ఒక్కో కిలోవాట్ అవర్‌కి వెయ్యి డాలర్ల పైన ఉన్న ప్యాక్ ధర, ఇంధన రంగం మీద పరిశోధన చేసే బ్లూంబర్గ్ ఎన్‌ఈఎఫ్ సంస్థ సర్వే ప్రకారం 2024 నాటికి ప్రపంచ సగటున 115 డాలర్లకు వచ్చింది. నా గొడవ ధర ఎక్కువని కాదు. ఆ ధర ఎంతో కారు కొనేముందు ఎవరూ చెప్పరు, చెడిపోయాక చెప్పేదాన్ని ప్రశ్నించే దారి లేదు. దీనివల్ల మామూలు జనం మీద ఏం పడుతోందో ఒక్కొక్కటిగా చెబుతాను.

1. ధర ఒక రహస్యం. పెట్రోల్ కారు క్లచ్ ప్లేటు ఎంతో, హెడ్‌లైట్ ఎంతో సర్వీస్ సెంటర్‌లో అడిగితే కంప్యూటర్ చూసి చెబుతారు. కారులో అన్నిటికన్నా ఖరీదైన భాగం ధర మాత్రం షోరూమ్‌లో అడిగితే సేల్స్ కుర్రాడు నవ్వుతాడు. "సార్, మీకు ఆ టెన్షనే అక్కర్లేదు, ఎనిమిదేళ్ల వారంటీ." 2021లో నాకూ ఇదే చెప్పారు. నేను రోజూ బ్యాలెన్స్ షీట్లు చూసేవాణ్నే, అయినా ఇంకో ప్రశ్న వెయ్యలేదు. తప్పు నాదే, ఒప్పుకుంటాను.

ఇప్పుడు లెక్క కడదాం. 115 డాలర్ల చొప్పున 30 యూనిట్లకు 3,450 డాలర్లు. డాలరు రూ.85 అనుకుంటే రూ.2.93 లక్షలు. ఇది కార్ల కంపెనీలు టోకున కొనే సగటు ధర అని నాకు తెలుసు. ఒక్క ప్యాక్ కొనేవాడికి ఆ ధరకు రాదు. రవాణా, నిల్వ, డీలర్ లాభం, కొత్త ప్యాక్ మీద వారంటీ, అన్నీ కలుస్తాయి. అయినా రూ.2.93 లక్షలు రూ.5.9 లక్షలు అయ్యేసరికి మధ్యలో ఏమేం చేరాయో ఒక కాగితం మీద రాసివ్వమన్నాను. నేనడిగింది తగ్గింపు కాదు, వివరం. ఇచ్చే పద్ధతి లేదన్నారు. మా ఆఫీసులో నేను ఇలాంటి వోచర్ పెడితే ఆడిటర్ నా ముఖాన కొడతాడు.

అన్నట్టు, ఇది నా ఒక్కడి బాధగా ఎంతోకాలం ఉండదు. మన దేశంలో మామూలు జనం ఎలక్ట్రిక్ కార్లు చెప్పుకోదగ్గ సంఖ్యలో కొనడం మొదలైంది 2020లో. ఆ మొదటి కార్ల ఎనిమిదేళ్ల గడువు 2028లో తీరుతుంది. అప్పుడు ఈ ప్రశ్న వేలమంది ఒకేసారి అడుగుతారు. జవాబు ఇప్పుడే సిద్ధం చేసుకోవడం అందరికీ మంచిది.

2. క్యాబ్ డ్రైవర్లు. మా కింద ఫ్లోర్‌లో ఒక తమ్ముడు శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి ఎలక్ట్రిక్ క్యాబ్ నడుపుతాడు. రోజుకి 220 కిలోమీటర్లు, నెలకి 26 రోజులు. చాలా కంపెనీల వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. మనలాంటివాళ్లం ఎనిమిదేళ్లనే చూస్తాం. అతనికి 1,60,000 కిలోమీటర్లు 28 నెలల్లో తిరిగిపోతాయి. లోన్ 60 నెలలు. "సార్, వారంటీ అయిపోయినంక ఫైనాన్సోళ్లకు ఇంక ముప్పై రెండు నెలలు కట్టాలె. అన్ని నెలలు బ్యాటరీ మంచిగుండాలని దేవునికి మొక్కుడే" అన్నాడు.

రోజూ ఫాస్ట్ చార్జింగ్ పెట్టేది కూడా ఇతనే. ఎండాకాలం 42 డిగ్రీల్లో ప్యాసింజర్ దిగగానే చార్జర్ దగ్గరికి పరిగెత్తేదీ ఇతనే. వేడి, వరుస ఫాస్ట్ చార్జింగ్, రెండూ లిథియం బ్యాటరీ ఆయుష్షు తగ్గించేవే. బ్యాటరీ మీద భారం ఎక్కువ వేసేవాడు అతను, రక్షణ తక్కువ కాలం ఉన్నవాడూ అతనే. అతని కారు ఒక నెల ఆగితే పిల్లల ఫీజు ఆగుతుంది. నేను ఆఫీసుకి బస్సులో వెళ్తున్నాను కాబట్టి ఇలా కూర్చుని ఉత్తరం రాయగలుగుతున్నాను. అతనికి ఆ తీరిక ఉండదు.

3. ఒక్క సెల్ చెడితే ప్యాక్ మొత్తం. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు డబ్బు ఇక్కడే ఉంది.

కారు బ్యాటరీ అంటే ఒక పెద్ద ముక్క కాదు. చిన్న సెల్స్ కొన్ని కలిపి ఒక మాడ్యూల్, మాడ్యూళ్లు కలిపి ఒక ప్యాక్. సెల్స్‌ను ఒకదాని వెనక ఒకటి వరసగా కలుపుతారు, అందుకే ప్యాక్ వోల్టేజీ వందల్లో ఉంటుంది. పెళ్లిలో బంతి భోజనానికి కూర్చున్నప్పుడు ఒకరు లేస్తే మిగతావాళ్లూ విస్తరి ముందు నుంచి లేవాల్సిందే. సెల్స్ వరసా అంతే. అన్నిటికన్నా బలహీనమైన సెల్ ఖాళీ అవగానే, మిగతావాటిలో చార్జింగ్ ఉన్నా సరే, బీఎంఎస్ అనే కంట్రోల్ బోర్డు మొత్తాన్ని ఆపేస్తుంది. నా కారు 34 శాతం చూపిస్తూ ఆగిపోయింది ఇందుకే అని ఈవీ రిపేర్లు తెలిసిన ఒక కుర్రాడు లాప్‌టాప్ తగిలించి చూపించాడు. రెండు మాడ్యూళ్లలో నాలుగు సెల్స్ వోల్టేజీ మిగతావాటికన్నా బాగా కిందికి పడిపోయింది. మిగతా ప్యాక్ బాగానే ఉంది.

ఆ రెండు మాడ్యూళ్లు మార్చి, సెల్స్ అన్నీ సమానం చేస్తే రూ.80 వేలలో పని అయిపోతుందన్నాడు. అయితే రెండు ఇబ్బందులు. మాడ్యూల్ విడిగా బయటివాళ్లకు అమ్మరు. ఎక్కడో సంపాదించి బిగించినా, బీఎంఎస్ దాన్ని ఒప్పుకోవాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. అది బయటివాళ్ల దగ్గర ఉండదు. సికింద్రాబాద్ రాణిగంజ్ బజారులో ముప్పై ఏళ్ల కిందటి కారుకి కూడా విడిభాగం దొరుకుతుంది. నాలుగేళ్ల కారుకి దొరకదు. రూ.80 వేల జబ్బుకి ఏడు లక్షల మందు కొనమంటున్నారు.

సర్వీస్ సెంటర్ వాళ్లను ఇదే అడిగితే, ప్యాక్ విప్పడం భద్రతకు ప్రమాదం అన్నారు. అది అబద్ధం కాదు. వందల వోల్టుల ప్యాక్‌ను రోడ్డు పక్కన స్పానర్‌తో విప్పితే ప్రాణం పోతుంది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మొదలైన మంటలు పైన లాడ్జికి పాకి ఎనిమిదిమంది చనిపోయిన సంగతి ఈ ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. అయితే ప్రమాదకరమైన పని అంటే శిక్షణ ఇచ్చి, లైసెన్సు ఇచ్చి చేయించాల్సిన పని అని అర్థం. అసలు చేయకూడని పని అని కాదు. గ్యాస్ సిలిండర్ ప్రమాదమని వంట మానేశామా? పైగా లైసెన్సు ఉన్న మెకానిక్ దొరకనప్పుడే జనం లైసెన్సు లేనివాడి దగ్గరికి పోతారు. నాకే ఆ ఆలోచన వచ్చింది. మా ఆవిడ ఒట్టు పెట్టించుకుంది కాబట్టి ఆగాను.

4. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు. మధ్యతరగతిలో మొదటి కారు చాలామందికి సెకండ్ హ్యాండ్ కారే. ఈవీలో వాళ్లు కొంటున్నది ఏంటో వాళ్లకు తెలియదు. మీటర్ చూసి కిలోమీటర్లు తెలుసుకోవచ్చు, బ్యాటరీ ఎంత మిగిలిందో తెలుసుకునే కాగితం ఏదీ ఆర్‌సీతో పాటు చేతులు మారదు. ఈ మధ్య కొన్ని కంపెనీలు జీవితకాల బ్యాటరీ వారంటీ అని ప్రకటిస్తున్నాయి. సంతోషం. చిన్న అక్షరాల్లో చూస్తే అది మొదటి ఓనర్‌కి మాత్రమే. కారు ఇంకొకరి పేరున మారగానే అది ఇన్నేళ్లు, ఇన్ని కిలోమీటర్లు అన్న లెక్కకు దిగిపోతుంది. జీవితకాలం అంటే కారుది అనుకున్నాం. అది మొదటి ఓనర్ ఓపికదట.

నా కారుకి ఇప్పుడున్న స్థితిలో ఒక వ్యాపారి రూ.1.8 లక్షలు ఇస్తానన్నాడు. బ్యాంకుకి నేను కట్టాల్సింది అంతకన్నా ఎక్కువే ఉంది.

5. ఇన్సూరెన్స్. మన మోటార్ పాలసీల్లో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, టైర్లు, బ్యాటరీల మీద 50 శాతం తరుగు తీసే నియమం ఎప్పటినుంచో ఉంది. బానెట్ కింద ఐదు వేల రూపాయల బ్యాటరీ ఉన్న రోజుల్లో రాసిన మాట అది. అదే మాటను ఆరు లక్షల ప్యాక్‌కి వర్తింపజేస్తే మూడు లక్షలు ఓనర్ జేబులోంచి పోతాయి. తరుగు తీయని జీరో డిప్రిసియేషన్ కవర్ తీసుకోవచ్చు, బ్యాటరీకి విడిగా యాడ్-ఆన్ (అదనపు కవర్) కూడా ఉంది. కానీ అమ్మేటప్పుడు ఏది దేనికో విడమరచి చెప్పేవాళ్లు అరుదు. 2020 అక్టోబరు వరదల్లో సెల్లార్లలో మునిగిన కార్లు చూసిన ఊరు ఇది. ఇక్కడ బ్యాటరీలోకి నీళ్లు పోతే ఎవరు కడతారన్నది కారు కొనేవాడి మొదటి ప్రశ్న కావాలి, జవాబు పాలసీ మొదటి పేజీలోనే ఉండాలి.

6. పన్ను. 2019 ఆగస్టు నుంచి ఎలక్ట్రిక్ కారు మీద జీఎస్టీ 5 శాతం. అదే కారులోని లిథియం బ్యాటరీని విడిగా కొంటే 18 శాతం. నా ఎస్టిమేట్‌లో ఈ తేడా ఒక్కటే రూ.76,700. కొత్త కారు కొనేవాడికి రాయితీ, ఉన్న కారును బాగుచేసుకుని ఇంకో పదేళ్లు నడుపుదాం అనుకునేవాడికి మూడు రెట్ల పైన పన్ను. పర్యావరణం కోసమే ఇదంతా అయితే, దీని వెనక తర్కం నాకు అందలేదు.

7. పాత బ్యాటరీ. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ మారిస్తే పాతదాని విలువ బిల్లులో తగ్గిస్తారు. చిన్న కొట్టువాడు కూడా తగ్గిస్తాడు. నా ఎస్టిమేట్‌లో పాత ప్యాక్ విలువ సున్నా, పైగా దాన్ని వాళ్లకే అప్పగించాలి. అందులో లిథియం, రాగి, అల్యూమినియం ఉన్నాయి. తొంభై శాతం పైన సెల్స్ ఇంకా పనిచేస్తున్నాయి. 2022లో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే. 2026-27 నుంచి అందులోని పదార్థాల్లో 90 శాతం తిరిగి రాబట్టాలి కూడా. బాధ్యతను నెరవేర్చడానికి కావాల్సిన సరుకు నా దగ్గర ఉచితంగా తీసుకుని, దాన్ని అమ్ముకుంటే వచ్చేది ఎవరికి?

బయటి దేశాల సంగతి రెండు ముక్కల్లో. కాలిఫోర్నియాలో 2026 మోడల్ నుంచి ఎలక్ట్రిక్ కారు బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా లక్ష మైళ్ల వరకు 70 శాతం సామర్థ్యం ఉంటుందని కంపెనీ వారంటీ ఇవ్వాలని 2022లో నియమం చేశారు. 2031 మోడళ్ల నుంచి అది 75 శాతం అన్నారు. 2025లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఆ నియమానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. యూరోపియన్ యూనియన్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి ప్రతి ఈవీ బ్యాటరీకీ డిజిటల్ పాస్‌పోర్టు, అంటే దాని వివరాలు చూపించే ఎలక్ట్రానిక్ పత్రం, ఉండాలి. ఐక్యరాజ్యసమితి వేదిక మీద 2022లో ఒప్పుకున్న ప్రపంచ సాంకేతిక నియమం ఐదేళ్లకు లేదా లక్ష కిలోమీటర్లకు 80 శాతం, ఎనిమిదేళ్లకు లేదా 1,60,000 కిలోమీటర్లకు 70 శాతం మిగలాలని చెబుతోంది. ఇక్కడ మనం కంపెనీ వేసే బ్రోచర్ మీద ఆధారపడి బతుకుతున్నాం.

ఇదంతా కేంద్రం పని, రాష్ట్రం చేతిలో ఏముంది అంటారేమో. ఉంది. 2024 నవంబరు 18 నుంచి అమల్లోకి వచ్చిన జీవో 41తో తెలంగాణ ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించింది. 2026 డిసెంబరు 31 దాకా ఆ గడువు. ఆ డబ్బు మనందరిదీ. బస్సులో నిలబడి వెళ్లేవాడిది కూడా. ప్రజల డబ్బుతో అమ్మకాలు పెంచుకుంటున్న కంపెనీలకు నాలుగు షరతులు పెట్టే హక్కు ప్రభుత్వానికి లేకపోతే ఇంకెవరికుంటుంది? 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల రేసు కూడా పెట్టుకున్న నగరం ఇది. (దాని మీద తరువాత నడిచిన రాజకీయం జోలికి నేను పోను.) మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా రూ.9,500 కోట్లతో లిథియం సెల్స్ ఫ్యాక్టరీ తలపెట్టింది. సెల్స్ పాలమూరులో తయారయ్యే రోజు వస్తున్నప్పుడు, సెల్ చెడితే బాగుచేసే దిక్కు హైదరాబాద్‌లో లేకపోవడం ఏం బాగుంటుంది?

కాబట్టి అడుగుతున్నవి ఇవి.

1. పన్ను మినహాయింపు పొందే ప్రతి ఎలక్ట్రిక్ కారుకి బ్యాటరీ ప్యాక్ ధర, ఒక్కో మాడ్యూల్ ధర, బిగింపు కూలి షోరూమ్‌లో బోర్డు మీద ఉండాలి, ఇన్‌వాయిస్‌తో పాటు కాగితం మీద ఇవ్వాలి. ఏటా ఆ ధరలు రవాణా శాఖ వెబ్‌సైట్‌లో పెట్టాలి. గడువు పొడిగించే ఆలోచన ఉంటే ఈ షరతుతోనే పొడిగించండి. మిగతావన్నీ ఆలస్యమైనా ఇదొక్కటి వెంటనే కావాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక జీవో చాలు.

2. బ్యాటరీ ఆరోగ్య పత్రం. కారు చేతులు మారేటప్పుడు బ్యాటరీలో ఎంత శాతం సామర్థ్యం మిగిలిందో చెప్పే పత్రం జతచేయాలి. ఆ లెక్క బీఎంఎస్‌లో ఎప్పుడూ ఉంటుంది. ఓనర్‌కి తన కారు తెరమీదే కనిపించేలా చేయమనండి.

3. వారంటీ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా, పరీక్ష రిపోర్టుతో ఇవ్వాలి. "సొట్ట ఉంది" అన్నది కారణం కాదు. సొట్ట వల్ల లోపం వచ్చిందని చూపించాల్సిన బాధ్యత తిరస్కరించేవాడిదే. దాన్ని కంపెనీతో సంబంధం లేనివాళ్లు పరీక్షించే ఏర్పాటు ఉండాలి. బాలాపూర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ లాంటి చోట్ల బ్యాటరీల మీద పరిశోధన చేసే నిపుణులు మన ఊళ్లోనే ఉన్నారు.

4. మాడ్యూళ్లను, వాటిని జతచేసే సాఫ్ట్‌వేర్‌ను లైసెన్సు ఉన్న రిపేర్ షాపులకు కంపెనీలు అమ్మాలి. రిపేర్ హక్కు పోర్టల్‌ను కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులోనే తెచ్చింది. వాహనాలు కూడా అందులో ఉన్నాయి, మాట మాత్రం చేతల్లోకి రాలేదు. రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు. అక్కడ ఈవీ మెకానిక్ కోర్సు చదివి బయటికొచ్చే పిల్లలు విప్పడానికి ఒక ప్యాక్, బిగించడానికి ఒక మాడ్యూల్ ఉండాలి కదా.

5. క్యాబ్‌ల వారంటీ కిలోమీటర్లు కనీసం లోన్ కాలానికి సరిపోవాలి. కుదరదంటే ఆ సంగతి లోన్ కాగితాల మీద పెద్ద అక్షరాల్లో, తెలుగులో, ఉర్దూలో రాయాలి.

6. విడి బ్యాటరీ మీద జీఎస్టీ 5 శాతానికి తేవాలని జీఎస్టీ కౌన్సిల్‌లో రాష్ట్రం గొంతు విప్పాలి.

7. పాత ప్యాక్ విలువను ఎస్టిమేట్‌లో తగ్గించి చూపించాలి. ఇన్వర్టర్ కొట్టువాడు చేసేదే.

కంపెనీల వాళ్లకు విడిగా ఒక్క మాట. నేను అడిగినవాటిలో మీకు నష్టం కలిగించేది పెద్దగా లేదు. ఈ మధ్య మా ఆఫీసులో ఎనిమిదిమంది కారు కొనే ఆలోచనలో ఉన్నారు. అందరూ నన్నే అడుగుతున్నారు, "ఈవీ తీసుకోమంటారా" అని. ఇదివరకయితే కాగితం తీసి లెక్క వేసేవాణ్ని. ఇప్పుడు నా ఎస్టిమేట్ ఫొటో చూపిస్తున్నాను. అందులో ఐదుగురు పెట్రోల్ కారు బుక్ చేశారు. ఆ ఎస్టిమేట్‌లో రూ.80 వేలు అని రాసి ఉంటే వాళ్లలో కొందరైనా మీ షోరూమ్‌కి వచ్చేవాళ్లేమో.

ఈ లేఖతో పాటు సర్వీస్ సెంటర్ ఇచ్చిన జాబ్ కార్డు, ఎస్టిమేట్, నా మెయిళ్లు, స్టాంపు వేసిన అర్జీ కాపీలు విడిగా మీ కార్యాలయాలకు స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. నలభై ఐదు రోజులు చూస్తాను. ఆలోగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. యాభై లక్షల లోపు కొనుగోళ్ల వివాదాలు అక్కడే వింటారు, లాయర్ లేకుండా కూడా వాదించుకోవచ్చట. కాగితాలు సర్దడం నాకు వచ్చిన పనే.

మీ శాఖల నుంచి ఎవరైనా కారును స్వయంగా చూడాలనుకుంటే ఏ రోజైనా రావచ్చు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో లిఫ్ట్ పక్కన, నీలం టార్పాలిన్ కప్పి ఉంటుంది. నేను ఇంట్లో లేకపోయినా వాచ్‌మన్ చూపిస్తాడు. ప్రతి నెలా ఐదో తారీఖున దాని ఈఎంఐ కట్ అవుతుంది, కాబట్టి అది ఇంకా నాదే.

ఇట్లు,
ఒక ఎలక్ట్రిక్ కారు యజమాని,
నిజాంపేట, హైదరాబాద్.